ముల్లు యాభై మీదే ఉంది



పోయిన ఆదివారం ప్రకటనల సమయంలో నేను చెప్పిన నాలుగు మాటలు కొందరికి సరిగా వినబడలేదట. హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉంటూ ఫోన్లో ఆరాధన చూసే మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "అయ్యగారూ, జీపు గురించి ఏదో అన్నారు, అవ్వ గురించి ఏదో అన్నారు, అసలేం జరిగింది?" అని అడిగారు. మైకులో చెప్పడానికి ఒక్క నిమిషమే పట్టింది. ఇక్కడ మొత్తం రాస్తున్నాను. మధ్యలో మెకానిక్ లెక్కలు కొన్ని వస్తాయి, ఓపిక పట్టండి. ఆ లెక్కలు లేకపోతే నా తప్పు ఎక్కడుందో మీకు కనబడదు.

మన జీపు మీకు తెలుసు. నాకు ముందున్న దైవజనులు విశ్రాంతి తీసుకుంటూ సంఘానికి అప్పగించి వెళ్ళిన పాత మహీంద్రా. దానికి వెనక యాక్సిల్లో క్రౌను, పినియన్ అని రెండు గేర్లుంటాయి. గేరుబాక్సు నుండి వెనక్కి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర చిన్న పినియన్, దాని పళ్ళు పట్టుకుని తిరిగే పెద్ద క్రౌను. మన జీపులో పినియన్‌కి 8 పళ్ళు, క్రౌనుకి 43 ఉండేవి. అంటే షాఫ్టు ఐదుసార్లకు పైగా, లెక్కగా చెప్పాలంటే 5.38 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. బురదలో దిగినా, పదిమందిని ఎక్కించుకుని గట్టెక్కినా ఆ బలం దాని నుండే వచ్చేది. తారు రోడ్డు మీద మాత్రం అరవై దాటితే ఇంజను అరుపుకి వెనక కూర్చున్న యవనస్తుల పాట వాళ్ళకే వినబడేది కాదు.

జనవరి ఆఖర్లో ఆ క్రౌను ఏడవడం మొదలుపెట్టింది. అద్దంకిలో మన మేస్త్రి విప్పి చూసి పళ్ళు అరిగిపోయాయన్నాడు. నేను పాస్టర్నని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నన్ను ఫాదర్ గారనే పిలుస్తాడు. "ఫాదర్ గారూ, ఇప్పుడు మీరు బురదలో తిరిగేదెంత? అన్నీ తారు రోడ్లూ సిమెంటు రోడ్లే కదా. మళ్ళీ అదే సెట్టు ఎందుకు? 11కి 47 పళ్ళ సెట్టు వేసుకుందాం. ఇంజను మీద బరువు తగ్గుద్ది, డీజిలు కలిసొస్తది" అన్నాడు. పెద్దలతో మాట్లాడి సరేనన్నాను. విజయవాడ ఆటోనగర్ నుండి సెట్టు తెప్పించి బిగించాడు. 47ని 11తో భాగిస్తే 4.27.

తాళాలు చేతికిస్తూ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: "మీటరు తేడా చూపిస్తది, ఒకసారి తీసుకురండి, సరిచేద్దాం." ఆ రోజు సాయంత్రం నాకు ఒక పెళ్ళి ఉంది. ఊఁ అన్నాను. ఆ మాట నా చెవిలో పడింది, లోపలికి వెళ్ళలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత జరిగిన దానిలో ఆయన్ను మీరెవరూ ఏమీ అనకూడదని.

మీటరు ముల్లు ఎలా కదులుతుందో నాకు నలభై ఏళ్ళు దాటినా తెలియదు. చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో అది చూసి చెబుతుందనుకునేవాణ్ణి. చూడదు. గేరుబాక్సు వెనక, షాఫ్టు బయలుదేరే చోట, ఒక చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది. షాఫ్టు తిరిగితే అది తిరుగుతుంది, దానికి తగిలించిన మీటరు వైరు తిరుగుతుంది. ఆ వైరు రెండో కొన మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం పక్కన అల్యూమినియం గిన్నె, దానికి ముల్లు, ముల్లుని వెనక్కి లాగే సన్నటి స్ప్రింగు. అయస్కాంతం ఎంత జోరుగా తిరిగితే గిన్నె అంత పక్కకి లాగబడుతుంది. అంతే. రోడ్డు సంగతి దానికి తెలియదు, చక్రం సంగతీ తెలియదు. దానికి తెలిసింది షాఫ్టు తిరుగుడు ఒక్కటే. షాఫ్టు ఇన్ని చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు అని బండి తయారైన రోజున ఎవరో పెట్టిన లెక్కనే అది ఇప్పటికీ నమ్ముతుంది.

మన జీపు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. కిలోమీటరుకి దాదాపు 455 చుట్లు. పాత క్రౌనుతో అయితే షాఫ్టు 2,440 సార్లు తిరిగేది. కొత్త క్రౌనుతో 1,940 సార్లే. రోడ్డు అదే, చక్రం అదే, షాఫ్టు మాత్రం ఐదో వంతు తక్కువ తిరుగుతోంది. మీటరు ఆ ఐదో వంతునీ మింగేసి చెబుతోంది. అది 50 అన్నప్పుడు బండి 63 మీద ఉంది.

మీరడగవచ్చు, ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాడికి ఆ మాత్రం తెలియదా అని. నేనూ అదే అడుక్కున్నాను. అనుభవం ఉన్న డ్రైవరు ముల్లుని అంతగా చూడడు, ఇంజను చప్పుడు వింటాడు. చప్పుడు కూడా తగ్గింది కదా! 63లో పోతుంటే ఇంజను పాత 50 నాటి చప్పుడే చేస్తోంది. చెవి యాభై అంటోంది, ముల్లు యాభై అంటోంది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఆ మాట స్థిరపడుతుందని ధర్మశాస్త్రంలో చదువుకున్నవాణ్ణి, ఇంకేం అనుమానం వస్తుంది? ఆ ఇద్దరూ ఒకే షాఫ్టు దగ్గర విని వచ్చి చెబుతున్నారని నాకు తట్టలేదు. వేరు వేరు చోట్ల నుండి వచ్చిన సాక్షులు కాదు వాళ్ళు. ఒకే అబద్ధాన్ని రెండు నోళ్ళతో వింటున్నాను నేను.

వేరే సాక్షులు లేకపోలేదు. ఒంగోలు ఆసుపత్రి నుండి ఇంటికి గంటా పది నిమిషాలు పట్టేది, ఫిబ్రవరిలో యాభై ఐదు నిమిషాలకే వచ్చేస్తున్నాను. రోడ్డు ఖాళీగా ఉంది, దేవుని కృప అనుకున్నాను. మన కోశాధికారి గారు డీజిలు లెక్క పుస్తకం పట్టుకొచ్చారు. ఏడు వారాల్లో మీటరు రీడింగు ప్రకారం 1,430 కిలోమీటర్లు తిరిగితే 138 లీటర్లు పట్టింది, లీటరుకి పది చిల్లర. పాత క్రౌనుతో పదకొండు వచ్చేది. "అయ్యగారూ, ఇంత డబ్బు పెట్టి మార్చాక మైలేజీ తగ్గడమేంటి? మేస్త్రి మనకు పాత సామాను అంటగట్టాడేమో" అన్నారాయన. నేను తల ఊపాను. కిలోమీటర్లు లెక్కపెట్టేది కూడా ఆ వైరే కాబట్టి, నిజంగా తిరిగింది 1,800, వచ్చింది లీటరుకి 13. బాగుపడినదాన్ని పాడైందనుకుని, చేసినవాణ్ణి అనుమానించాం.

మూడో సాక్షి మన అవ్వ.

మార్చి మూడో వారంలో పక్క ఊళ్ళో గృహ ప్రార్థన చూసుకుని పదకొండు మందిమి వస్తున్నాం. చీకటి పడబోతోంది. వెనక బెంచీ మీద, తలుపు పక్కన అవ్వ కూర్చుంది. "అయ్యా, కొంచెం నిదానంగా పోనీ, గాలి మొహం మీద కొడతావుంది" అంది. నేను మీటరు మీద వేలు పెట్టి వెనక్కి వినబడేలా, "చూడు అవ్వా, ముల్లు యాభై మీదే ఉంది. దైవజనుడు యాభై దాటడు" అన్నాను. అందరూ నవ్వారు. అవ్వ ఇంకేం అనలేదు. ఆమెకు అంకెలు చదవడం రాదు. అంకెలు రానామె ముందు అంకె చూపించి నోరు మూయించాను.

తర్వాత మూడు నాలుగు నిమిషాలకే మలుపు. మలుపు దాటగానే సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. పక్కన రాళ్ళు పెట్టారు, రాళ్ళ ఇవతల కాపలా ఉన్నతను తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. బ్రేకు మీద నిలబడ్డాను. యాభైలో అయితే ఎక్కడ ఆగుతుందో నా కాలికి తెలుసు. అక్కడ ఆగలేదు. వేగం పావు వంతు పెరిగితే ఆగడానికి కావలసిన దూరం పావు వంతు పెరగదు, దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దానికి తోడు గింజల మీద టైరు జారింది. ఆగేసరికి ఆ మనిషి కాళ్ళకీ ముందు బంపరుకీ మధ్య ఒక మూర దూరం ఉందేమో. అతను లేచి కూర్చుని లైట్ల వెలుగులో మమ్మల్ని చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది.

అవ్వ నుదురు టాపు కమ్మీకి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి.

ఆ ఆదివారం నేను సాక్ష్యం చెప్పాను. అపవాది మన జీపు బ్రేకుల మీద పడ్డాడని, పదకొండు ప్రాణాలనూ రోడ్డు మీద ఉన్న ఇంకొక ప్రాణాన్నీ ప్రభువు కాపాడాడని. మీరంతా హల్లెలూయా అన్నారు. సోమవారం మేస్త్రి దగ్గరికి వెళ్ళి కోపంగానే మాట్లాడాను. ఆయన నాలుగు డ్రమ్ములూ విప్పి, లైనింగులు చూసి, నూనె చూసి, "బ్రేకులకేం లేదు ఫాదర్ గారూ" అన్నాడు. నేను నమ్మలేదు. డబ్బులిచ్చి కొత్త లైనింగులు వేయించుకుని మరీ వచ్చాను.

అసలు సంగతి బయటపెట్టింది ఇంటర్ చదివే మన కీబోర్డు అబ్బాయి. బుధవారం నా పక్కన కూర్చుని ఫోన్ చూస్తూ, "అంకుల్, ఇది అరవై మూడు చూపిస్తోంది" అన్నాడు. ఫోన్ పక్కన పెట్టమని కసిరాను. "మీ తరానికి ఫోన్ చెప్పిందే వేదం" అని ఒక మాట కూడా అన్నాను. వాడు పక్కన పెట్టేశాడు. కానీ ఆ రాత్రి అరవై మూడు అనే అంకె నన్ను పడుకోనివ్వలేదు. ముల్లు అప్పుడు సరిగ్గా యాభై మీద ఉంది. మేస్త్రి మాట అప్పుడు గుర్తొచ్చింది, జనవరిలో చెప్పింది.

తెల్లవారుజామున వాణ్ణి లేపి మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారి ఎక్కాను. పసుపు రంగు తల ఉన్న కిలోమీటరు రాళ్ళు మీరు చూసే ఉంటారు. ఆ రాళ్ళకి మన గేర్లతో పని లేదు. ఒక రాయి నుండి ఇంకో రాయికి ముల్లుని యాభై దగ్గర కదలకుండా పట్టుకుంటే 72 సెకన్లు పట్టాలి. వాడు ఫోన్లో గడియారం నొక్కాడు. 57. ఇంకోసారి. 57. మూడోసారి 58. 3,600ని 57తో భాగిస్తే 63. పక్కకు తీసి బండి ఆపాను. వాడు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇక సరిచేయడం. ఈ భాగం వాహనాలున్న వాళ్ళు శ్రద్ధగా చదవండి.

మేస్త్రి బండి కిందకి దూరి, గేరుబాక్సు వెనక మీటరు వైరు బిగించిన నట్టు తిప్పాడు. వైరుతో పాటు స్లీవు, స్లీవులో ఆ చిన్న గేరు వచ్చాయి. చిటికెన వేలంత ఉంది. తెల్లటి ప్లాస్టిక్, నూనె కారుతోంది. దీన్ని చూసే కదా అవ్వను నోరు మూయించింది అనుకున్నాను. పళ్ళు లెక్కపెడితే 18. షాఫ్టు ఎంత తగ్గిందో ఈ గేరు పళ్ళు అంత తగ్గిస్తే వైరు మళ్ళీ పాత జోరుగా తిరుగుతుంది. పద్దెనిమిదిని 4.27తో హెచ్చించి 5.38తో భాగిస్తే 14.3 వచ్చింది. పళ్ళు ముక్కలుగా దొరకవు కదా. పద్నాలుగైనా పెట్టాలి, పదిహేనైనా పెట్టాలి.

మళ్ళీ ఆటోనగర్‌కే కబురు. పళ్ళు మారితే గేరు లావు కూడా మారుతుంది, కాబట్టి దానికి సరిపడే స్లీవు కూడా కావాలి. దొరకడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మీటరు అద్దం మీద కట్టు కట్టే తెల్ల టేపు ముక్క అంటించుకుని తిరిగాను. 40 దగ్గర "50" అని పెన్నుతో రాసి. కీబోర్డు అబ్బాయి ఆలోచనే. కొందరు మీటరునే విప్పించి అయస్కాంతం, స్ప్రింగు సర్దిస్తారట. దానివల్ల ముల్లు దారికొస్తుంది గానీ కిలోమీటర్ల లెక్క తప్పుగానే ఉంటుందని మేస్త్రి ఒప్పుకోలేదు. వైరు మధ్యలో బిగించే చిన్న గేరు డబ్బీలు కూడా ఉంటాయి, తగిన పళ్ళ గేరు దొరకనప్పుడు అవి పనికొస్తాయి. కొత్త కార్లలో వైర్లు లేవు, సెన్సరూ కంప్యూటరూ ఉంటాయి. సెన్సరు గేరుబాక్సు దగ్గర ఉన్న బండికి అందులో అంకె మార్చాలి. చక్రాల దగ్గరే చదివే బళ్ళలో క్రౌను మార్చినా తేడా రాదు, టైరు సైజు మారిస్తేనే వస్తుంది. కాబట్టి మన అబ్బాయిలు సొగసుకి పెద్ద టైర్లు వేయించుకున్నప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. పెద్ద టైరుకీ మీటరు తక్కువే చెబుతుంది.

చివరికి రెండు గేర్లూ దొరికాయి. పదిహేను పళ్ళది పెడితే బండి 60లో ఉన్నప్పుడు మీటరు 57 చూపిస్తుంది. పద్నాలుగైతే 61 దాటి చూపిస్తుంది. మేస్త్రి నన్నడగలేదు, పద్నాలుగు తీసి బిగించేశాడు. "ముల్లు ఎక్కువ చెబితే పర్లేదు ఫాదర్ గారూ, తక్కువ చెప్పకూడదు" అన్నాడు. తర్వాత నేను చదివితే, ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వ నంబరు కూడా అదే అంటోంది. మీటరు నిజమైన వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు, పదో వంతూ దాని మీద ఇంకో 4 కిలోమీటర్ల వరకూ. మన మేస్త్రి ఆ నిబంధన చదివి ఉండడు.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలోని తూనిక రాళ్ళ గురించి ప్రతి సంవత్సరం కోతకాలంలో నేను ప్రసంగిస్తాను. ఇన్నాళ్ళూ నా మనసులో ఆ మాట వ్యాపారులకు, దళారులకు, తెలిసి తగ్గించి తూచేవాళ్ళకు. ఈసారి నాకు అడ్డుపడిన సంగతి ఏమిటంటే, మన జీపులో మోసం చేసినవాడు ఒక్కడూ లేడు. గేరు తన పని తను చేసింది. మేస్త్రి మంచే చేశాడు. నేను నిజంగానే యాభై దాటకూడదనుకున్నాను. అయినా ఒక మనిషి కాళ్ళ దాకా వెళ్ళాం. తెలియక చేసిన తప్పుల గురించి లేవీయకాండము 4వ అధ్యాయం తీసి మళ్ళీ చదివాను. ఆ వరుసలో సంఘం, అధికారి, సామాన్యుడు అందరూ ఉన్నారు. మొదట ఉన్నది మాత్రం యాజకుడు. సెమినరీలో ఆ అధ్యాయం మీద పరీక్ష రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి.

అందుకే పోయిన ఆదివారం ఆ మాటలు చెప్పాను. వినబడనివారి కోసం మళ్ళీ రాస్తున్నాను. బ్రేకులకు ఏమీ కాలేదు. ఆ సాక్ష్యంలో ప్రభువు కాపాడాడన్నది ఉంచుకోండి, అపవాది బ్రేకుల మీద పడ్డాడన్నది కొట్టివేయండి. మేస్త్రి ముందే చెప్పాడు, నేను వినలేదు. ఏడు వారాల డీజిలు లెక్కను కోశాధికారి గారు సరిచేశారు, క్రౌను ఏ రీడింగు దగ్గర మారిందో, గేరు ఏ రీడింగు దగ్గర మారిందో పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టాం, రేపు ఆ జీపు ఎవరి చేతికి వెళ్ళినా తెలియాలని. కొత్త లైనింగుల డబ్బులు సంఘానివి కాదు, నావి. అవ్వ చెప్పింది నిజం.

అవ్వకు మాత్రం మైకులో చెప్పింది చాలదనిపించి, ఆ సాయంత్రం మా ఇంటావిడతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉంది. నుదుటి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. జరిగిందంతా చెప్పాను. గేర్లు, పళ్ళు, వైరు అన్నీ. మధ్యలో ఆపి, "అయ్యా, నాకు గాలి తెలుస్తది. ముప్పై ఏళ్ళు ఆ జీపులో అదే మూల కూర్చున్నా" అంది. నేను క్షమించమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "టీ తాగి పోండి" అంది.

నిన్న కంటి పరీక్షకని ఆమెను ఒంగోలు తీసుకెళ్ళాను. ముందు సీట్లో కూర్చోమంటే ఒప్పుకోలేదు, వెనక తలుపు పక్క తన మూలనే కూర్చుంది. ఊరి పొలిమేర దాటాక, "నిదానం అయ్యా" అంది. ముల్లు 42 మీద ఉంది, ఇప్పుడది నిజమే చెబుతోంది. నేను ఇంకొంచెం తగ్గించాను.